కొయ్యముఖము వెనుక వైపు

నైరోబీ నగరమునకు పోయిన యాత్రికుడు అచ్చటి అంగళ్ళలో తప్పక చూచు వస్తువొకటి కలదు. అది గోడకు వ్రేలాడదీసిన కొయ్యముఖము. పొడవైన ముక్కు, నల్లగా నిగనిగలాడు చెక్కిళ్ళు, నొసటిమీద రంగురంగుల పూసలు; చూడగానే చేతికి తీసికొనవలె ననిపించును. ఇది ఎవరిదని అడిగినచో, "మసాయివారిది, మిక్కిలి పాతది" అని వర్తకుడు చెప్పును. మసాయివారు కెన్యా, టాంజానియా దేశములలోని పచ్చికబయళ్ళలో పసులను మేపుకొని జీవించు ప్రసిద్ధమైన జాతివారు. వారి పూసలపని లోకమంతయు ఎరిగినదే. కాని కొయ్యముఖములు చెక్కి తొడిగికొను ఆచారము వారికి లేనే లేదు. లేని ఆచారమునకు పాత వస్తువు ఎక్కడనుండి వచ్చినది?

కెన్యాలోని కాంబా జాతివారు మొదటి ప్రపంచ యుద్ధము తరువాత అమ్మకమునకై కొయ్యబొమ్మలు చెక్కుట ఆరంభించిరి. క్రమముగా అది పెద్ద కుటీరపరిశ్రమ అయినది. ఆఫ్రికా యనగానే విదేశీయులు కొయ్యముఖములను తలచుకొందురు గనుక వారి కోరిక తీర్చుటకై అంగళ్ళలో కొయ్యముఖములు వెలసినవి. ఆ విదేశీయులు మసాయివారి పేరు వినియుందురు గనుక ఆ పేరు వానికి అంటుకొన్నది. తూర్పు ఆఫ్రికాలో ఉద్యోగములు చేయు మన తెలుగువారు సెలవులకు వచ్చునపుడు ఇట్టివానిని తెచ్చి ఇంటి గోడలకు అలంకరించుట కలదు. అందు తప్పేమియు లేదు. అయితే వానిని చూచి, ఆఫ్రికావారు పండుగలలో తొడిగికొను ముఖములు ఇట్టివే యని తలచినచో మనము మోసపోయినట్లే.

ఆచారమునందు వాడు కొయ్యముఖములు ముఖ్యముగా పశ్చిమాఫ్రికాలోను, మధ్యాఫ్రికాలోను కలవు. గినీ తీరమునుండి కాంగో నదీప్రాంతము వరకు పలు జాతులలో ఈ ఆచారము కానవచ్చును. తూర్పు, ఆగ్నేయ భాగములలో మకోండే, చేవా మొదలగు కొన్ని జాతులకు మాత్రమే ఇది కలదు. ఇంగ్లీషులో వీనిని మాస్కులందురు. మనమును ఆ మాటనే వాడుచున్నాము. కాని మ్యూజియములో అద్దాలపెట్టె యందు ఒంటిగా నున్న మాస్కును చూచినవాడు ఆ వస్తువులో కొద్ది భాగమునే చూచినవాడు. ఊరిలో అది ఒంటిగా ఉండదు. దాని అంచున నారతో కుట్టిన కుచ్చులు వ్రేలాడుచుండును. వానిక్రింద తొడిగినవాని దేహమంతయు దుస్తులలో దాగియుండును. మద్దెలలు మ్రోగును, పాట సాగును, దానికి తగిన నడకతో ఆ ముఖము ఊరిలోనికి వచ్చును. అంతయు కలిసి ఒక్కటే వస్తువు.

లైబీరియా, ఐవరీకోస్టు దేశములలోని దాన్ జాతివారి నమ్మకము వినదగినది. అడవిలోని ఒక శక్తి మనుష్యుల నడుమ వసింపగోరి, ఒకనికి కలలో కనబడి, తనకొక ముఖము చేయింపుమని అడుగునట. అట్లు చేయించిన ముఖమును తొడిగి వచ్చినవానిని ఫలానా వాడని ఎవరును పేరు పెట్టి పిలువరు. వచ్చినది మనుష్యుడు కాదు, ఆ శక్తియే యని వారి భావము. మన ఊరి దేవాలయమునందలి ఉత్సవమూర్తిని, తిరునాళ్ళలో అమ్ము బొమ్మను ప్రక్కప్రక్కన నుంచినచో రూపమొక్కటే కావచ్చును. కాని ఒకదానిని ఊరేగించినారు, రెండవదానిని అమ్మినారు. కొయ్యముఖములలోని భేదమును ఇట్టిదే. ఒకటి ఆడుటకై పుట్టినది, మరియొకటి అమ్ముటకై పుట్టినది. సౌలభ్యమునకై మొదటిదానిని ఆచారముఖమనియు, రెండవదానిని అంగడిముఖమనియు పిలుచుకొందము.

ఆడుటకై పుట్టిన వస్తువునకు ఆటవలన కలిగిన గురుతులుండి తీరవలెను. ఆ గురుతులు ముందు వైపున కంటె వెనుక వైపున ఎక్కువగా నుండును. కావున కొయ్యముఖము చేతికి అందినపుడు తెలిసినవారు మొట్టమొదట దానిని వెనుకకు త్రిప్పి చూతురు.

వెనుక వైపున ఏమి కనబడును? ముఖమునకు తొడుగుకొనునది గనుక లోపల మనుష్యుని ముఖము పట్టునంత గుంట ఉండవలెను. శిల్పి బాడిసతోను కత్తితోను చెక్కిన దెబ్బల గురుతులు ఆ గుంటలో వరుసగా కానవచ్చును. అయితే నొసలు, ముక్కు, చెక్కిళ్ళ ఎముకలు, గడ్డము తగులు చోట్ల ఆ గురుతులు అరిగి, కొయ్య నునుపెక్కి యుండును. చెమట పీల్చుకొనిన భాగములు నల్లబడి యుండును. ఏండ్లకొలది అదే చోట అదే ముఖము తగిలినగాని ఈ అరుగుదల రాదు. అంగడిముఖమును చూడుడు. దాని వెనుక భాగమంతయు ఒకే తీరుగా ఉండును. గరుకుగానున్నచో అంతయు గరుకే, నునుపుగానున్నచో అంతయు నునుపే. కొన్నింటికి గుంటయే యుండదు. గోడకు చదునుగా ఆనుటకు అదియే మేలు గదా! మేకునకు తగిలించుటకు పైభాగమున ఒకే ఒక రంధ్రము మాత్రము తప్పక ఉండును.

ఆచారముఖమునకు రంధ్రములు అంచు చుట్టును ఉండును. నార కుచ్చులను, గుడ్డను, తలకట్టును కుట్టుటకు అవి కావలెను. కుచ్చులు ఊగినపుడెల్ల త్రాడు రంధ్రమును ఒక ప్రక్కకు లాగును. అందుచేత పాత ముఖములలో ఆ రంధ్రములు గుండ్రముగా నిలువక ఒరిసి సాగియుండును. ఆడుటకు ముందు చేసిన రంధ్రమునకును, ఆడిన పిదపటి రంధ్రమునకును గల ఈ వ్యత్యాసము చిన్నదే. కాని నాకు తోచినంతవరకు ఇంతకంటె నమ్మదగిన సాక్ష్యము మరియొకటి లేదు. ముందు వైపునకు మెరుగులు దిద్దు మోసగానికి కూడ ప్రతి రంధ్రమును సరియైన దిక్కునకు అరగదీయునంత ఓపిక సామాన్యముగా ఉండదు.

కన్నులను గూర్చి కొంత చెప్పవలసియున్నది. తొడిగినవాడు త్రోవ చూచుకొనవలెను గదా. దాన్ జాతివారిలో పరుగుపందెమునకు వచ్చు ముఖమునకు పెద్ద గుండ్రని కన్నులు తొలిచియుందురు. ఎండకాలమున గాలి వీచునపుడు ఊరిలోని వంటపొయ్యిలు ఆర్పివేసినారో లేదో కనిపెట్టి తిరుగు ముఖమునకును అట్టి కన్నులే. గడ్డి ఇండ్ల ఊరిలో ఒక్క నిప్పురవ్వ చాలును. ఆ కావలివాడు చక్కగా చూడగలిగినవాడై యుండవలెను. అదే జాతివారి సౌమ్యమైన స్త్రీముఖమునకు కన్నులు సన్నని చీలికలు. పనినిబట్టి రూపము ఏర్పడినదన్నమాట. అంగడిముఖములలో కన్నులు ఒక్కొక్కసారి ఒకదానికొకటి మిక్కిలి దూరముగా ఉండును. తొడిగి చూచినచో ఒక కన్నైనను మన కంటికి ఎదురుగా రాదు.

కన్నులకు తూట్లు లేనంతమాత్రమున అది అంగడిసరుకే యని చెప్పివేయుటయు తొందరపాటే. నైజీరియా, బెనిన్ దేశములలోని యోరుబావారు గెలెదే అను ఉత్సవమున కొయ్యముఖమును తల పైభాగమున టోపీవలె పెట్టుకొందురు. క్రిందికి జారు పలుచని గుడ్డగుండ వారు చూతురు. మకోండేవారి ముఖము శిరస్త్రాణమువలె తలను కప్పును. దానిని వెనుకకు వంచి పెట్టుకొని నోటి రంధ్రముగుండ చూతురు. మాలీ దేశములోని బమనావారు దుక్కి దున్నుటను మనుష్యులకు నేర్పినదని చెప్పుకొను చివారా యొక్క జింకరూపమును చెక్కి, అల్లిన బుట్టటోపీకి కట్టి నెత్తిన ధరింతురు. అది ముఖమును కప్పనే కప్పదు. చివారా నిజమైనదైనచో దాని అడుగుపీటకు బుట్టటోపీని కుట్టిన రంధ్రములుండును. బల్లమీద నిలుచుటకు వెడల్పైన పీఠముతో చెక్కినది మాత్రము బల్లకొరకే పుట్టినది.

ఇక బరువు. వర్తకులు "గట్టి నల్లచేవ, రాయివలె బరువు" అని పొగడుదురు. ఆ పొగడ్తయే సందేహమునకు కారణము కావలెను. ఎండలో గంటలతరబడి ఎగిరి ఆడువాడు రాయివంటి బరువును మోయునా? మకోండేవారినే చూడుడు. వారు ఆటకు వాడు ముఖములను తేలిక కొయ్యతో చెక్కుదురు. అమ్మకమునకై చెక్కు బొమ్మలను మ్పింగో అను నల్లని బరువైన చేవతో చెక్కుదురు. ఒకే జాతివారు, ఒకే పనితనము. కొయ్య మాత్రము వేరు. మన కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి వంటి తేలిక కొయ్య ఎందులకు వాడుదురో ఎరిగినవారికి, చెక్కువాని చేతికి మెత్తని కొయ్య ఎంత అనుకూలమో వేరుగా చెప్పనక్కరలేదు. అంగళ్ళలో మరియొక చిత్రము కూడ జరుగును. తేలిక కొయ్యకే బూట్ల పాలిష్ పూసి నల్లచేవయని అమ్ముదురు. గోటితో వెనుక అంచును గీరినచో తెల్లని కొయ్య బయటపడును.

పాతదనమును కల్పించుట ఒక విద్య. క్రొత్త ముఖమును మట్టిలో పూడ్చుదురు, పొగకు వ్రేలాడదీయుదురు, మసి, నూనె కలిపి పూయుదురు, చెదపుట్ట దగ్గర ఉంచి పురుగు తినునట్లు చేయుదురు. కాని ఇట్టి పూత లోతైన గుంటలయందును, ఎత్తైన ముక్కుమీదను ఒకే మందముగా ఉండును. వాడుకచేత వచ్చిన నునుపు అట్లుండదు. చేతులు తగులు చోట అరుగును, తగులని సందులలో మకిలి పేరుకొనును. అరుగుటకు కారణమే లేని చోట అరుగుదల కనబడినచో అది ఆకురాయి పనియే.

ఇక్కడ కూడ ఒక చిక్కు కలదు. సియెర్రాలియోన్ దేశములోని మెండేవారిలో సండే అను స్త్రీల సంఘమొకటి కలదు. బాలికలకు గృహజీవితమునకు వలసిన విద్యలు నేర్పి పెద్దలను చేయుట ఆ సంఘము పని. దాని ఉత్సవములలో సోవేయ్ అను కొయ్యముఖమును స్త్రీలే ధరింతురు. చెక్కువారు పురుషులైనను తొడుగువారు స్త్రీలగుట ఆఫ్రికాలో అరుదైన విషయము. విశాలమైన నొసలు, చిన్న నోరు, అందముగా దువ్విన జడలు, మెడచుట్టు వలయములు, అద్దమువలె మెరయు నలుపు దీని లక్షణములు. పూర్వము ఆ నలుపునకై ఆకుల రసమును, పామాయిలును వాడెడివారు. తరువాతి కాలమున వారే బూట్ల పాలిష్ వాడసాగిరి. కనుక పాలిష్ వాసన తగిలినంతనే దొంగసరుకని నిర్ణయింపరాదు. తల దూరునంత వెడల్పు మెడభాగమునకు కలదా, క్రింది అంచున నార కుట్టిన రంధ్రములు కలవా యని చూచుటయే మేలు. అంగడిలోని సోవేయ్ పలుమారు తల దూరనంత ఇరుకుగా ఉండును. అట్లే గెలెదే ముఖములకు ఉత్సవమునకు ముందు క్రొత్తగా రంగులు వేయుట వాడుక. తళతళలాడు రంగు క్రొత్తదనమునకు గురుతు కావచ్చును గాని అసత్యమునకు గురుతు కాదు. వానిమీద మోటారుసైకిళ్ళను, విమానములను కూడ చెక్కుట కలదు. ఆచారమన్నంతమాత్రమున అది గడచిన కాలములోనే నిలిచిపోవునని మనమెందుల కనుకొనవలెను?

ఐదువందల ఏండ్లనాటి కొయ్యముఖమని ఎవరైన అమ్మజూపినచో నవ్వి ఊరకుండుట మంచిది. వేడియు తేమయు గల ఆ దేశములలో కొయ్యను చెదలు బ్రతుకనీయవు. నేడు మ్యూజియములలో నున్నవానిలో హెచ్చుభాగము 19, 20 శతాబ్దములవే. పైగా ఆఫ్రికావారు చాలచోట్ల పాత కొయ్యను దాచుకొనవలెనని అనుకొనలేదు. అంగోలా, కాంగో ప్రాంతములలోని చోక్వేవారు ప్వో అను స్త్రీముఖమును, దానిని ధరించి ఆడిన నర్తకుడు మరణించినపుడు అతనితోపాటు పూడ్చుట కలదు. మాలీలోని డోగన్ జాతివారు వాడిన ముఖములను కొండచరియలలోని గుహలలో వదలివేయగా అవి అక్కడనే శిథిలమగును. ఆ జాతివారికి 60 ఏండ్లకొకసారి సిగి అను మహోత్సవము వచ్చును. అది ఊరినుండి ఊరికి సాగుచు ఏడేండ్లు జరుగును. గతమున 1967 నుండి 1973 వరకు అది జరిగినది. దానికై మిక్కిలి పొడవైన మహాముఖమును క్రొత్తగా చెక్కుదురు. కొయ్య నశించినను ఆచారము నిలుచును గనుక వారికి కొయ్యమీద బెంగ లేదు. బెంగ అంతయు కొనువారిదే.

ఇవన్నియు నేర్చినను, ఏ జాతివారి ముఖము ఎట్లుండునో తెలియనిచో పరీక్ష సగమే. ఐవరీకోస్టులోని సెనూఫోవారి క్పెలియే అను ముఖము చిన్నదై, సన్ననిదై, రెండు ప్రక్కలను రెక్కలవంటి అంచులు కలిగియుండును. గాబన్‌లోని పునూవారి ముఖము తెల్లసుద్ద పూతతో అర్ధనిమీలిత నేత్రములతో ప్రశాంతముగా నుండును. అంగడి శిల్పి ఒక జాతి జడలను, వేరొక జాతి కన్నులను, ఇంకొకరి కొమ్ములను చేర్చి కొనువానికి నచ్చునట్లు చెక్కును. తెలుగువాడు కట్టిన పంచెపై పంజాబువాని తలపాగా, కేరళ కథకళి కిరీటము ఒక్కసారిగా పెట్టినట్లుండును. ఎరిగినవారికి నవ్వు వచ్చును, ఎరుగనివారికి అద్భుతమనిపించును.

ఇంతమాత్రమున అంగడి శిల్పిని తక్కువచేసి మాటలాడుట న్యాయము కాదు. ఐవరీకోస్టులోని కొర్హోగో, కామెరూన్‌లోని ఫుంబాన్ పట్టణములలో ఎన్నో కుటుంబములు ఈ పనిమీదనే జీవించుచున్నవి. నేడు సంఘమువారికి ముఖము చెక్కి ఇచ్చిన చేయియే రేపు యాత్రికునకును చెక్కి ఇయ్యవచ్చును. పరదేశములకై చెక్కుట క్రొత్తదియు కాదు. 15, 16 శతాబ్దములలోనే సియెర్రాలియోన్ తీరపు శిల్పులు పోర్చుగీసువారికి దంతపు ఉప్పుగిన్నెలను చెక్కి ఇచ్చిరి. వానిని నేడు గొప్ప మ్యూజియములు భద్రపరచుచున్నవి. ప్రతిరూపమునకు కూడ గౌరవము దక్కిన సందర్భమొకటి కలదు. నైజీరియాలోని బెనిన్ రాజ్యపు రాజమాత ఇడియా యొక్కదని చెప్పబడు 16వ శతాబ్దపు దంతముఖము 1897లో బ్రిటిషు సేనలు ఆ నగరమును కొల్లగొన్నపుడు దేశము దాటిపోయినది. అది ముఖమునకు తొడుగునది కాదు, నడుమున ధరించునది. 1977లో లేగోస్ నగరమున జరిగిన ఆఫ్రికా కళోత్సవమునకు దానినే చిహ్నముగా ఎంచుకొనిరి. అసలు వస్తువును బ్రిటిషు మ్యూజియము పంపలేదు. నైజీరియావారు తమ శిల్పిచేత ప్రతిరూపమును చెక్కించుకొని ఉత్సవము జరుపుకొనిరి. దానిని ఎవరును పాతదని చెప్పలేదు. చెప్పనవసరము కలుగలేదు.

వెల విషయమున ఈ తేడా ఎంత దూరము పోవునో ఇటీవలి వృత్తాంతము తెలుపును. గాబన్ దేశపు ఫాంగ్ జాతివారిలో న్గిల్ అను సంఘముండెడిది. తెల్లసుద్ద పూసిన పొడవైన ముఖములు ధరించి ఆ సంఘమువారు నేరములను విచారించి శిక్షించెడివారు. ఫ్రెంచి ప్రభుత్వము 20వ శతాబ్దారంభమున ఆ సంఘమును అణచివేసెను. దాని ముఖములు లోకమున మిక్కిలి కొద్దిగా మిగిలినవి. వానిలో ఒకటి 1917 ప్రాంతమున ఆ దేశములో నున్న ఫ్రెంచి అధికారి వెంట ఫ్రాన్సు చేరి, అతని వంశీకుల ఇంట అటకపై పడియుండెను. 2021లో ఆ ఇంటి వృద్ధదంపతులు పాత సామానుతోపాటు దానిని 150 యూరోలకు ఒక వర్తకునకు అమ్మివేసిరి. అతడు దానిని పరీక్షింపజేసి 2022 మార్చిలో మాంట్‌పెలియే నగరమున వేలము వేయగా 42 లక్షల యూరోలు పలికినది. దంపతులు న్యాయస్థానమునకు పోయిరి. గాబన్ ప్రభుత్వమును తన వస్తువును తనకిమ్మని అడిగెను. 2023 డిసెంబరులో ఆలెస్ పట్టణపు న్యాయస్థానము ఆ ఇరువురి కోరికలను త్రోసిపుచ్చెను. వస్తువు వెలను తెలిసికొనక అమ్ముట అమ్మినవారి అజాగ్రత్తయే యని న్యాయస్థానము అభిప్రాయపడెను. వేలము జరిగిన నాడు కొందరు గాబన్ వాసులు ఆ మందిరములోనే నిలిచి, ఇది మాది యని కేకలు వేసిరి.

ఈ కేకయందే మనము ఇంతవరకు నేర్చిన పరీక్షలకు రెండవ ముఖము కనబడుచున్నది. అంచు రంధ్రములు ఒరిసియున్నవి, లోపల చెమట మరకలున్నవి, కొయ్య తేలికయే, రూపము ఆ జాతివారిదే. సరి, ఇది నిజమైనది. అయినచో ఊరివారి చేతినుండి ఇది ఎట్లు బయటకు వచ్చినది? అంగడిముఖమునకు ఈ ప్రశ్న లేదు; దాని కథ అంగడిలోనే ఆరంభమైనది. నిజమైనదానికి ఈ ప్రశ్న తప్పదు. 1970లో యునెస్కో సంస్థ ఒడంబడిక నొకదానిని ఏర్పరచి, ఒక దేశపు సాంస్కృతిక సంపదను దొంగతనముగా మరియొక దేశమునకు చేర్చుటను నిషేధించినది. అందుచేత నేడు బాధ్యత నెరిగిన మ్యూజియములు వస్తువుతోపాటు దాని ప్రయాణమును చెప్పు కాగితములను కూడ అడుగుచున్నవి. ఎవరు చెక్కిరి, ఎవరు అమ్మిరి, ఏ యేట దేశము దాటినది అను వివరములు లేనిచో ఎంత చక్కని ముఖమునైనను వదలివేయుచున్నవి.

1984లో టాంజానియా రాజధానిగా అప్పుడు ప్రసిద్ధమైన దారెస్సలాము నగరమున జాతీయ మ్యూజియములో దొంగలుపడిరి. పోయినవానిలో మకోండేవారి శిరస్త్రాణము వంటి ముఖమొకటి కలదు. మరుసటి యేట అది పారిస్ నగరమున అమ్మకమునకు రాగా, జెనీవాలోని బార్బియే-ముల్లర్ మ్యూజియమువారు కొనిరి. నిజమైనదేనా యని పరీక్షించినవారు నిజమైనదే యని తేల్చియుందురు. అందు పొరపాటు లేదు. 1990లో ఒక ఆచార్యుడు దానిని చూచి, ఇది దారెస్సలాములో పోయినదే యని గుర్తుపట్టెను. అటుపిమ్మట రెండు పక్షముల నడుమ ఉత్తర ప్రత్యుత్తరములు ఇరువది యేండ్లు నడచినవి. 2010 మే నెలలో ఆ ముఖము టాంజానియాకు మరల చేరినది.